మూడో టీమ్ పోతే ట్రెజరర్ కూడా పోతాడు: అమెచ్యూర్ రగ్బీ క్లబ్బుల కష్టాలు ఎక్కడ మొదలవుతాయి

ఇంగ్లండ్, స్కాట్లండ్ రగ్బీలో ఏటా తలపడ్డప్పుడు గెలిచినోళ్లకి దక్కేది కలకత్తా కప్పు. చాలామందికి పేరు తెలుసు గానీ దాని వెనక కథ తెలీదు. 1873లో కలకత్తాలో ఉన్న బ్రిటిష్ వాళ్లు ఒక రగ్బీ క్లబ్ పెట్టుకున్నారు, మొదట్లో మెంబర్లు బాగానే చేరారు, ఎందుకంటే క్లబ్బులో మందు ఫ్రీ. తర్వాత ఆ ఫ్రీ బార్ ఎత్తేశారు, ఆడేవాళ్లని ఇచ్చిన ఆర్మీ రెజిమెంట్ బదిలీ మీద వెళ్లిపోయింది, మిగిలినవాళ్లకి ఆ ఎండల్లో రగ్బీ కన్నా పోలో, టెన్నిస్ నయం అనిపించాయి, ఐదేళ్లు తిరిగేసరికి క్లబ్ మూసేయాల్సి వచ్చింది. బ్యాంకులో మిగిలిన 270 రూపాయల్ని వెండి నాణేలుగా తీసుకుని, కరిగించి, నాగుపాముల పిడులూ మూత మీద ఏనుగూ ఉన్న కప్పు చేయించి ఇంగ్లండ్‌లో ఈ ఆటని నడిపే సంస్థ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌కి, అంటే ఆర్‌ఎఫ్‌యూకి, ఇచ్చేశారు. 1879 నుంచి దానికోసం రెండు దేశాలూ పోట్లాడుకుంటున్నాయి.

బార్ ఆదాయం, ఊరు వదిలి వెళ్లిపోయే కుర్రాళ్లు, శనివారం మధ్యాహ్నానికి పోటీకొచ్చే వేరే సరదాలు. ఇప్పుడు ఒక చిన్న క్లబ్ మూతపడినా చెప్పుకునే కారణాలు దాదాపు ఇవే. "ఆడేవాళ్లు లేరండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అబద్ధం కాదు గానీ సగమే. చాలా చోట్ల క్లబ్ ఆగిపోయేది పదిహేనో ఆటగాడు దొరక్క కాదు, సెక్రటరీ పని ఇంకెవరూ తీసుకోక. నా లెక్కలో ఈ రెండూ వేరువేరు కొరతలు కావు, ఒకే కొరత పదిహేను ఇరవై ఏళ్ల తేడాతో రెండుసార్లు కనిపిస్తుంది, అంతే. అది ఎలాగో తెలియాలంటే ముందు ఒక మామూలు క్లబ్ వారం ఎలా గడుస్తుందో చూడాలి.

80 నిమిషాల ఆట, వారమంతా పని

శనివారం మ్యాచ్ అయిపోయింది అనుకోండి. అప్పటి నుంచే ఎవరో ఒకరు రిజల్ట్, ఎవరెవరు ఆడారో ఆ పేర్లు ఆన్‌లైన్ సిస్టమ్‌లో ఎక్కించాలి, టైమ్‌కి ఎక్కించకపోతే ఫైన్ పడొచ్చు, పాయింట్లు కూడా పోవచ్చు. బురద పట్టిన జెర్సీల మూట ఎవరో ఇంటికి తీసుకెళ్లి ఉతకాలి. మంగళవారం, గురువారం ట్రైనింగ్, అంటే లైట్లు వేసేవాళ్లు, తాళాలు తీసేవాళ్లు, కోచ్, ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి కావాలి. గురువారం రాత్రికి టీమ్ ప్రకటిస్తారు, శుక్రవారం పొద్దున్నుంచి "సారీ, రేపు రాలేను" మెసేజ్‌లు మొదలు. టీమ్ మేనేజర్ అనే పాపం మనిషి ఆఫీసులో కూర్చుని లంచ్ టైమ్‌లో పాత నంబర్లన్నిటికీ ఫోన్లు కొడుతుంటాడు, రెండేళ్ల క్రితం ఆట మానేసినవాడికి కూడా. శనివారం పొద్దున్న గ్రౌండ్‌కి గీతలు వేయాలి, పోస్టులకి ప్యాడ్లు కట్టాలి, రిఫరీకి నీళ్లూ టీ చూడాలి, మ్యాచ్ తర్వాత రెండు టీమ్‌లకీ వేడిగా తిండి పెట్టాలి (ఇది రగ్బీలో మర్యాద, ఎదుటి టీమ్‌ని ఆకలితో పంపితే వచ్చే ఏడాది దాకా చెప్పుకుంటారు), బార్ నడపాలి. ఆదివారం పొద్దున్న అదే గ్రౌండ్ నిండా ఆరేడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలు, వాళ్లకి కోచింగ్ ఇచ్చేది వాళ్ల అమ్మానాన్నలే.

వీటికి పోస్టుల పేర్లున్నాయి: చైర్మన్, హానరరీ సెక్రటరీ, ట్రెజరర్, ఫిక్చర్ సెక్రటరీ (మ్యాచ్‌లు కుదిర్చే మనిషి), గ్రౌండ్స్‌మన్, బార్ మేనేజర్, సేఫ్‌గార్డింగ్ ఆఫీసర్ (పిల్లల భద్రత చూసే మనిషి), మెంబర్‌షిప్ చూసేవాళ్లు, మినీ జూనియర్ చైర్మన్. కాగితం మీద పదిహేను ఇరవై మంది కనిపిస్తారు. నిజంగా చూస్తే ఐదారుగురే ఉంటారు, ఒక్కొక్కరి నెత్తిన మూడేసి టోపీలు. ఆ ఐదారుగురిలో ఒకరికి గుండె జబ్బు వచ్చినా, కూతురి దగ్గరికి వేరే ఊరు మారినా, కమిటీలో గొడవపడి అలిగి వెళ్లిపోయినా క్లబ్బులో ఐదో వంతు పని ఒక్క రాత్రిలో అనాథ అయిపోతుంది. పాస్‌వర్డ్‌లు, బ్యాంక్ సంతకం, కౌన్సిల్‌తో లీజు మాటలు, బాయిలర్ రిపేర్ చేసేవాడి నంబర్, అన్నీ ఆ మనిషి బుర్రలోనే ఉండిపోతాయి.

పదిహేను మంది లెక్క ఎందుకంత కష్టం

ఈ రకం రగ్బీ పేరు రగ్బీ యూనియన్, అందులో పక్కకి పదిహేను మంది. అది ఒక్కటే అయితే ఏదోలా నెట్టుకురావచ్చు, కానీ స్క్రమ్ ఉంది. రెండు వైపులా ఎనిమిదేసి మంది ఒకరికొకరు బిగుసుకుని తలలు దూర్చి నెట్టుకునే ఆ పట్టులో ముందు వరసలో ముగ్గురుంటారు, ఇద్దరు ప్రాప్‌లు, మధ్యలో ఒక హుకర్. స్క్రమ్ కూలితే మెడ విరిగే ప్రమాదం నిజంగా ఉంది, అందుకే ఆ మూడు స్థానాల్లో శిక్షణ ఉన్నవాళ్లే ఆడాలని రూల్. పదిహేను మందితో వచ్చినా ముగ్గురు అలాంటివాళ్లు ఉండాలి, 23 మందితో వస్తే ఆరుగురు ఉండాలి. ఎవరో రాలేదని గట్టు మీద నిలబడి చూస్తున్న తమ్ముడికి జెర్సీ తొడిగి గ్రౌండ్ అంచున వింగ్‌లో నిలబెట్టొచ్చేమో గానీ ప్రాప్‌గా నిలబెట్టలేం. లేకపోతే "అన్‌కంటెస్టెడ్ స్క్రమ్" అని నెట్టుకోకుండా నామమాత్రంగా ఆడిస్తారు, అది ఇద్దరికీ చప్పగా ఉంటుంది, మిగిలిన ఒకరిద్దరు ప్రాప్‌లకి అసలు తమకి పని ఏముందని విసుగొస్తుంది.

శుక్రవారం రాత్రి ఇద్దరు ప్రాప్‌లు హ్యాండిచ్చారంటే మ్యాచ్ మొత్తం ఎదుటివాళ్లకి వదిలేయాల్సి రావచ్చు. మ్యాచ్ రద్దయితే ఆ రోజు బార్ ఖాళీ, ఆటగాళ్లు కట్టే మ్యాచ్ ఫీజు రాదు, ఎదుటి క్లబ్ వండిన తిండి చెత్తబుట్టలోకి, వాళ్ల బార్ కూడా ఖాళీ. అంటే ఒకళ్ల కొరత రెండు క్లబ్బులకి తగులుతుంది. మూడు వారాలు వరసగా మ్యాచ్ లేకపోతే ఆడే కుర్రాడు జిమ్‌కి అలవాటు పడిపోతాడు, ఇంక వెనక్కి రాడు. పైగా శనివారం అందరికీ సెలవు రోజుగా ఉన్న కాలం పోయింది. దక్షిణ వేల్స్ లోయల్లో క్లబ్బులన్నీ బొగ్గు గనుల చుట్టూ, ఉక్కు ఫ్యాక్టరీల చుట్టూ పుట్టినవి, ఊరంతా ఒకే షిఫ్టు, ఒకే క్లబ్. గనులు మూతపడ్డాక వచ్చిన ఉద్యోగాలు షాపుల్లో, గోడౌన్లలో, కాల్ సెంటర్లలో, వాటికి శనివారమే రద్దీ రోజు.

ఇప్పుడు అసలు విషయం. క్లబ్బుకి కొరత వస్తే ముందు పోయేది ఫస్ట్ టీమ్ కాదు. కింద నుంచి పోతుంది. నాలుగో టీమ్ పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. మూడో టీమ్ పోయింది, "సరేలే, వాళ్లు తాగడానికే వచ్చేవాళ్లు" అనుకున్నారు. నిజమే, మూడో టీమ్‌లో ఆడేది ముప్పై ఐదు దాటి పొట్ట వచ్చినవాళ్లు, ఎప్పటికీ ఫస్ట్ టీమ్‌కి ఎక్కనివాళ్లు, మ్యాచ్ కన్నా తర్వాత జరిగే బాతాఖానీ కోసం వచ్చేవాళ్లు. కానీ ఆలోచిస్తే క్లబ్బుకి ట్రెజరర్లు, బార్ చూసేవాళ్లు, ఫిక్చర్ సెక్రటరీలు వచ్చింది అక్కడి నుంచే! ఫస్ట్ టీమ్ స్టార్ ఆటగాడు పాతికేళ్లకి పెద్ద క్లబ్బుకి వెళ్తాడు, లేదా మోకాలు పోయి ముప్పై ఏళ్లకి ఆట వదిలేసి ఇంకెప్పుడూ ఇటు తొంగిచూడడు. ఏ కీర్తీ లేకుండా పదిహేనేళ్లు అదే గ్రౌండ్‌లో బురదలో పొర్లినవాడు మాత్రం నలభై ఐదేళ్లకి "ఆ లెక్కలు నేను చూస్తాలే" అంటాడు. ఆ వయసుకి వాడి స్నేహాలన్నీ అక్కడే ఉంటాయి మరి. 2005లో మూడో టీమ్ ఆపేసిన క్లబ్బుకి 2020లో కమిటీ దొరకదు, అప్పుడు అందరూ "ఈ తరానికి సేవాభావం లేదు" అని తిట్టుకుంటారు. తరానిది కాదు తప్పు, ఆ తరాన్ని తయారు చేసే చోటే మూసేశారు.

పని పెరిగింది, చేతులు తగ్గాయి

ఉన్న కొద్దిమంది మీద పడే పని కూడా పాతికేళ్ల క్రితం పని కాదు. ఇంగ్లండ్‌లో పిల్లలతో పనిచేసే ప్రతి కోచ్‌కీ, మేనేజర్‌కీ డీబీఎస్ చెక్, అంటే నేర చరిత్ర పరిశీలన, చేయించాలి. ఎవరిది చేయించారో, ఎవరిది ఇంకా పెండింగో క్లబ్బులో ఒక మనిషి రికార్డు పెట్టుకుని వెంటపడుతూ ఉండాలి. ఇది అక్కర్లేని పని అని ఎవరూ అనరు, అనకూడదు కూడా.

తల దెబ్బల సంగతి ఇంకా సీరియస్. 2003లో వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ టీమ్ హుకర్ స్టీవ్ థాంప్సన్‌కి నలభైల్లోనే డిమెన్షియా మొదలైందని 2020 డిసెంబర్‌లో బయటికొచ్చింది, ఆ గెలిచిన ఫైనల్ కూడా తనకి గుర్తులేదని చెప్పాడు. వందల మంది మాజీ ఆటగాళ్లు కోర్టుకెళ్లారు, వాళ్లలో అమెచ్యూర్ ఆటగాళ్లు కూడా ఉన్నారు. తర్వాత 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ మొత్తానికి గ్రాస్‌రూట్స్, అంటే కింది స్థాయి, ఆటలకి ఒక గైడ్‌లైన్ వచ్చింది: కంకషన్, అంటే తల దెబ్బతో మెదడు అదిరిందని, అనుమానం వస్తే వెంటనే బయటికి తీసేయాలి, కనీసం 21 రోజులు గడిచే దాకా మ్యాచ్ ఆడించకూడదు. మంచి రూలే. కానీ అమలు చేసేది ఎవరు? పెద్ద లీగుల్లో డాక్టర్, వీడియో, వేరే సిబ్బంది ఉంటారు. ఊరి గ్రౌండ్‌లో ఒక వీకెండ్ కోర్సు చేసి వచ్చిన ఒక తల్లి ఉంటుంది, ఎదురుగా "నాకేం కాలేదు, ఆడతా" అని అరుస్తున్న ఆరడుగుల మనిషి, పక్కన "ఇంకొకడు లేడు, వదిలెయ్యండి" అనే కెప్టెన్. ఆవిడ కాదు అనాలి. ప్రతి శనివారం, జీతం లేకుండా.

ఇందులో యూనియన్లు చేసిన పెద్ద కంగాళీ ఒకటి చెప్పుకోవాలి. 2023 జనవరిలో ఆర్‌ఎఫ్‌యూ కౌన్సిల్ కమ్యూనిటీ ఆటలో ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ని పట్టి ఆపడం) ఎత్తు నడుము వరకే అని ప్రకటించేసింది, కింద ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా. ఎదురు తిరిగి పిటిషన్ పెడితే వేలకి వేల సంతకాలు పడ్డాయి, యూనియన్ క్షమాపణ చెప్పి, తర్వాత ఛాతీ ఎముక కింది చివర వరకు అని మార్చి 2023–24 సీజన్ నుంచి అమలు చేసింది. ఎత్తు తగ్గించడం వెనక వైద్యపరంగా కారణం ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. గొడవంతా వేరే. కొత్త రూల్ అంటే ప్రతి క్లబ్బులో ప్రతి కోచ్ మళ్లీ నేర్చుకోవాలి, ప్రతి ఆటగాడి అలవాటు మార్చాలి, రిఫరీలకి కొత్త తలనొప్పి, ఈ గంటలన్నీ పెట్టేది వాలంటీర్లు. పైవాళ్ల బడ్జెట్‌లో ఆ గంటలకి గడి లేదు. ఏ పనికైతే బిల్లు రాదో ఆ పనిని ఎంతైనా పెంచుకుంటూ పోవచ్చు, పెంచినవాడికి ఎక్కడా నొప్పి తెలీదు.

రిఫరీల గురించి ఒక్క ముక్క. వాళ్లూ వాలంటీర్లే, పెట్రోల్ ఖర్చు ఇస్తారు అంతే. గట్టు మీద నుంచి తిట్లు తినడానికి శనివారాలు ధారపోసే మనుషులు ఏ దేశంలోనూ ఎక్కువ దొరకరు.

ఫ్రీగా చేయాలి అనే పట్టు ఎక్కడిది

ఈ ఆటలో డబ్బు ముట్టకూడదు అనేది ఒకప్పుడు మతం లాంటిది. 1890ల్లో యార్క్‌షైర్, లాంకషైర్ క్లబ్బుల్లో ఆడేది ఎక్కువగా మిల్లు, గని కార్మికులు. శనివారం మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోతుంది, దాన్ని క్లబ్ ఇస్తే చాలు అని అడిగారు. ఆర్‌ఎఫ్‌యూ ఒప్పుకోలేదు. 1895 ఆగస్ట్ 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి, ఇప్పటి రగ్బీ లీగ్ అలా పుట్టింది. రగ్బీ యూనియన్ మాత్రం ఇంకో వందేళ్లు డబ్బు ముట్టనంది, సరిగ్గా 1995 ఆగస్ట్ 26న పారిస్‌లో అంతర్జాతీయ బోర్డు గేట్లు తీసే దాకా.

గేట్లు తీశాక డబ్బు పైకి వెళ్లింది, కానీ డబ్బుతో వచ్చే అలవాట్లు కింద దాకా దిగాయి. లీగుల మెట్లలో పైనుంచి ఏడో లెవెల్ క్లబ్ కూడా ఫిజియో కావాలంటుంది, జీతమిచ్చే కోచ్ కావాలంటుంది, మంచి ఫ్లై హాఫ్‌కి, అంటే టీమ్ ఆటని నడిపించేవాడికి, చేతిలో ఎంతో కొంత పెట్టకపోతే పక్క ఊరివాళ్లు లాక్కుపోతారంటుంది. ఒకే టీమ్‌లో ఒకడికి డబ్బిచ్చి పద్నాలుగు మంది దగ్గర చందా వసూలు చేస్తే డ్రెస్సింగ్ రూమ్‌లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బార్ కౌంటర్ వెనక నిలబడి గ్లాసులు కడిగేవాడికి ఇంకా మండుతుంది, తను రాత్రి పదకొండు దాకా కష్టపడి సంపాదించిన లాభం వేరే ఊరి నుంచి కారులో దిగి మ్యాచ్ ఆడి వెళ్లిపోయేవాడి జేబులోకి పోతుంటే.

డబ్బున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి అంతా చూసుకుంటాను అన్నప్పుడు ఏమవుతుందో చూడాలంటే లండన్ చాలు. రిచ్‌మండ్ క్లబ్ 1861 నాటిది, ప్రొఫెషనల్ కాలం మొదట్లో ఒక సంపన్నుడి డబ్బుతో పై లీగ్‌కి ఎగిరింది, 1999లో ఆయన ఆపేయగానే కుప్పకూలింది. లండన్ స్కాటిష్‌ది కూడా ఆ ఏడాది అదే గతి. లండన్ వెల్ష్ ప్రొఫెషనల్ టీమ్ 2017 జనవరిలో లీగ్ నుంచి వెలివేయబడింది. కానీ గమనించండి, ఈ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. కింద అమెచ్యూర్ క్లబ్, దాని కమిటీ, పాత మెంబర్లు మిగిలే ఉన్నారు కాబట్టి లీగుల అట్టడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టారు, రిచ్‌మండ్ అయితే 2016లో రెండో అంచె దాకా ఎక్కొచ్చింది. వాస్ప్స్ అనే ఇంకో ప్రొఫెషనల్ క్లబ్ 2022 అక్టోబర్‌లో కూలిపోతే ఎప్పుడో దాని నుంచి విడిపోయిన అమెచ్యూర్ వాస్ప్స్ క్లబ్ లండన్ ఆక్టన్‌లో మామూలుగా శనివారం మ్యాచ్‌లు ఆడుకుంటూనే ఉంది. యజమాని పోయినా క్లబ్ బతుకుతుంది, ఉతికేవాళ్లు గీతలేసేవాళ్లు పోతే బతకదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, సంతకం ఎవరు పెడతారు

చిన్న క్లబ్ ఆదాయం చందాలు, మ్యాచ్ ఫీజులు, గ్రౌండ్ చుట్టూ కట్టే స్పాన్సర్ బోర్డులు, రాఫిల్స్ (చిన్న లాటరీలు), హాల్ అద్దెలు, అన్నిటికన్నా ముఖ్యంగా బార్. ఇంగ్లండ్‌లో అంతర్జాతీయ మ్యాచ్‌ల టికెట్లలో క్లబ్బులకి వాటా ఉంటుంది, మెంబర్‌గా ఉండడానికి కొంతమందికి అదే కారణం. జనం తాగడం తగ్గించారు, కారు వేసుకుని వచ్చేవాళ్లు ఒక గ్లాసుతో ఆపేస్తారు. అది సమాజానికి మంచిదే, క్లబ్ ట్రెజరర్‌కే కష్టం. కరెంటు, ఇన్సూరెన్స్, బస్సు కిరాయి మాత్రం తగ్గవు. కోవిడ్‌లో ఏడాదికి పైగా లీగులు ఆగినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం ఆటలకి ప్రకటించిన 30 కోట్ల పౌండ్ల ప్యాకేజీలో ఇంగ్లండ్‌లో రగ్బీ యూనియన్ ఆట మొత్తానికి 13.5 కోట్ల పౌండ్లు కేటాయించారు, కానీ ప్యాకేజీలో ఎక్కువ భాగం అప్పు. ఆ రోజుల్లో ఇల్లు కదలకుండా శనివారం ఎంత హాయిగా ఉంటుందో కనిపెట్టిన వాలంటీర్లకి మాత్రం ఏ ప్యాకేజీ లేదు.

పన్ను రాయితీ ఉంది, దాని పేరు కాస్క్, కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్ అని 2002లో పెట్టిన పథకం. అందులో చేరితే భవనం మీద పన్నులో 80 శాతం మాఫీ, చిన్న క్లబ్బుకి అది ప్రాణం. బదులుగా షరతులు: మెంబర్లలో కనీసం సగం మంది నిజంగా ఆడేవాళ్లో ఆటలో పాల్గొనేవాళ్లో అయ్యుండాలి, బయటివాళ్లతో చేసే వ్యాపారం, అద్దెలు కలిపి ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు, ఆటగాళ్లకి ఇచ్చేది మొత్తం మీద 10 వేల పౌండ్లు దాటకూడదు. ఇక్కడ తమాషా చూడండి, ఆడేవాళ్లు తగ్గి హాల్ పెళ్లిళ్లకి అద్దెకిచ్చి బతుకుతున్న క్లబ్బే, అంటే సాయం ఎక్కువ కావాల్సినదే, రెండు షరతులూ దాటిపోయే ప్రమాదంలో ఉంటుంది. ఇవన్నీ లెక్కగట్టి చూసుకోవాల్సింది పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుని రాత్రి క్లబ్ పుస్తకాలు ముందేసుకునే ఆ ఒక్క ట్రెజరర్.

మిగతా దేశాల్లో డబ్బు దారులు వేరు, భయం ఒకటే. ఫ్రాన్స్‌లో క్లబ్బులు 1901 చట్టం కింద నమోదైన సంఘాలు, స్టేడియం సాధారణంగా మునిసిపాలిటీది, కాబట్టి మేయర్‌తో సంబంధాలు బాగుంటే గడ్డి కోసేవాళ్లు కూడా ఊరి ఖర్చు మీదే వస్తారు. న్యూజిలాండ్‌లో పబ్బుల్లో పెట్టిన జూదం మెషీన్ల రాబడిలో కనీసం 40 శాతం సమాజానికి తిరిగివ్వాలని నియమం, అందులోంచి ఆటల క్లబ్బులకి బాగా గ్రాంట్లు వస్తాయి. అదే ఊళ్లో పేద కుటుంబాలు మెషీన్లలో పోగొట్టుకున్న డబ్బుతోనే వాళ్ల పిల్లలకి జెర్సీలు కొంటున్నారు అనే విమర్శ అక్కడ ఎప్పటి నుంచో ఉంది, నాకూ అది మింగుడుపడదు. వేల్స్‌లో కౌన్సిళ్లు బడ్జెట్ లేక గ్రౌండ్ల బాధ్యత క్లబ్బులకే అప్పజెప్పడం మొదలుపెట్టాయి. స్థలం చేతికి రావడం వరంలా కనిపిస్తుంది, గడ్డి, డ్రైనేజీ, పాత పెవిలియన్ పైకప్పు కూడా దాంతోనే వస్తాయి.

అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది సంతకం గురించి. బ్రిటన్‌లో చాలా పాత క్లబ్బులు కంపెనీగా రిజిస్టర్ కాని ఉత్త సంఘాలు. చట్టం దృష్టిలో అలాంటి క్లబ్బుకి వేరే ఉనికి లేదు, లీజు మీద, అప్పు మీద సంతకం పెట్టిన కమిటీ మనుషులే బాధ్యులు. క్లబ్ అప్పు తీర్చలేకపోతే వాళ్ల ఇంటి మీదికి రావచ్చు. నలభై ఏళ్ల మనిషిని, ఇంటి లోన్ ఉన్నవాడిని, "ట్రెజరర్‌గా ఉండు, పెద్ద పనేం లేదు" అని అడిగితే వాడు గూగుల్ చేసి ఇది చదివి మాయమైపోతాడు. లిమిటెడ్ బై గ్యారంటీ కంపెనీగా (మెంబర్ల బాధ్యత ముందే ఒప్పుకున్న చిన్న మొత్తానికే పరిమితం) మార్చుకుంటే ఈ భయం చాలా తగ్గుతుంది. మార్చడానికి ఒక లాయర్, రెండు జనరల్ బాడీ మీటింగులు, ఓపికున్న మనిషి ఒకడు చాలు. ఆ ఓపికున్న మనిషే ఇప్పటికే మూడు పోస్టుల్లో ఉంటాడు, అదీ సమస్య.

పైనుంచి చూస్తే, కింద నుంచి చూస్తే

2024 చివర్లో ఆర్‌ఎఫ్‌యూ లెక్కలు బయటికొచ్చాయి: దాదాపు 3.8 కోట్ల పౌండ్ల ఆపరేటింగ్ నష్టం, నలభైకి పైగా ఉద్యోగాల కోత, అదే ఏడాది సీఈఓ బిల్ స్వీనీకి బోనస్‌తో కలిపి 11 లక్షల పౌండ్లు. యూనియన్ వాదన ఏంటంటే నష్టం వరల్డ్ కప్ సైకిల్‌లో ముందే ఊహించినది, బోనస్ కోవిడ్ టైమ్‌లో జీతం కోత వేసుకుని నిలబడినందుకు పెట్టిన దీర్ఘకాలిక పథకం. లెక్కప్రకారం అది సమర్థించుకోవచ్చేమో. కానీ జెర్సీలు ఫ్రీగా ఉతికేవాళ్లకి ఆ లెక్క చెప్పి ఒప్పించడం కష్టం. చైర్మన్ టామ్ ఇల్యూబ్ తప్పుకున్నారు, క్లబ్బులు ప్రత్యేక సర్వసభ్య సమావేశం పట్టుబట్టి పెట్టించాయి, 2025 మార్చి 27న సీఈఓ మీద అవిశ్వాసానికి 206 ఓట్లు, వ్యతిరేకంగా 466 పడ్డాయి. స్వీనీ నెగ్గారు. అయినా సొంత యూనియన్ అధినేత మీద వారం మధ్యలో తీరిక చేసుకుని 206 ఓట్లు పడ్డాయంటే కింద ఎంత ఉడుకుతోందో అర్థమవుతుంది. పేపర్లన్నీ జీతం గురించి రాశాయి, నాకైతే జీతం కన్నా ఎవరి గంటలకి ధర ఉంది, ఎవరి గంటలకి లేదు అనే గొడవే ఎక్కువ కనిపించింది.

పనిచేస్తున్నవి కొన్ని

డబ్బు లేక బుర్ర పెట్టిన క్లబ్ ఒకటి ఈ ఆటనే మార్చేసింది. 1883లో స్కాట్లండ్‌లో మెల్‌రోజ్ క్లబ్బుకి నిధులు కావాల్సొస్తే నెడ్ హేగ్ అనే మాంసం కొట్టు పనివాడు టోర్నమెంట్ పెడదామన్నాడు, పదిహేనేసి మందితో ఒక్క మధ్యాహ్నంలో అన్ని మ్యాచ్‌లు కుదరవు కాబట్టి ఏడుగురికి కుదించారు. ఆ సెవెన్స్ 2016లో రియో ఒలింపిక్స్‌కి ఎక్కింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో "గేమ్ ఆన్" అనే పద్ధతి కింది లెవెల్స్‌లో ఉంది, ఇద్దరు కెప్టెన్లు ఒప్పుకుంటే పదిమందితోనైనా, స్క్రమ్ నెట్టకుండానైనా, తక్కువ టైమ్ అయినా ఆడేయొచ్చు, మ్యాచ్ రద్దు కాదు. పెద్దమనుషులు కొందరు ఇది రగ్బీయేనా అంటారు. బార్ తెరిచి ఉందా లేదా అని అడగండి వాళ్లని.

మహిళల టీమ్‌లు ఇంకో కథ. 2025 సెప్టెంబర్ 27న ట్వికెన్‌హామ్‌లో మహిళల వరల్డ్ కప్ ఫైనల్ చూడ్డానికి 81,885 మంది వచ్చారు, ఇంగ్లండ్ కెనడాని 33–13తో ఓడించింది. దాని తాకిడి ఊరి క్లబ్బుల గేటు దాకా వస్తుంది, అమ్మాయిలు వస్తారు, అయితే అక్కడ ఒకే డ్రెస్సింగ్ రూమ్, గోడ లేని షవర్లు. భవనాలన్నీ మగవాళ్లే వస్తారన్న లెక్కతో కట్టినవి. డబ్బు పెట్టి మార్చుకున్న క్లబ్బులకి ఒక టీమ్‌తో పాటు కమిటీకి పనికొచ్చే కొత్త మనుషులు కూడా దొరుకుతారు, మూడో టీమ్ చేసే పని ఇప్పుడు వీళ్లు చేస్తారు. అలాగే టచ్ రగ్బీ, ట్యాకిల్ లేకుండా ఆడేది, యాభై ఏళ్ల మోకాళ్లని కూడా వారానికోసారి గ్రౌండ్‌కి తెస్తుంది.

రెండు క్లబ్బుల్ని కలిపేయడం గురించి మాత్రం నాకు నమ్మకం తక్కువ. పిల్లల టీమ్‌లకి అది బాగానే నడుస్తుంది, ఫ్రాన్స్‌లో రెండు మూడు ఊళ్లు కలిసి ఒక జూనియర్ టీమ్ దింపడం మామూలే. పెద్దవాళ్ల దగ్గర జెర్సీ రంగు దగ్గరే గొడవ, ఏ గ్రౌండ్ అమ్మాలి అనే దగ్గర ఇంకా పెద్ద గొడవ, తీరా కలిశాక రెండు కమిటీలు కలిసి పెద్ద కమిటీ అవ్వదు, ఒకటి అలిగి ఇంటికి పోతుంది.

చౌకగా, తొందరగా ఫలితమిచ్చేది పనిని ముక్కలు చేయడం. ఆదివారం పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు చాలా క్లబ్బుల్లో పెద్దల టీమ్‌ల కన్నా ఎక్కువ మంది, వాళ్లు సాయం చేయరు అని కమిటీవాళ్ల ఫిర్యాదు. అడిగే తీరు చూస్తే వాళ్లని తప్పు పట్టలేం. "ఫిక్చర్ సెక్రటరీ కావలెను" అంటే ఎప్పటికి తీరుతుందో తెలీని శిక్ష. "ఆగస్టులో రెండు సాయంత్రాలు, అండర్ 13 పిల్లల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి, ఎలాగో మేం చూపిస్తాం, అక్కడితో మీ పని అయిపోతుంది" అంటే చేతులు లేస్తాయి. ట్రెజరర్ దిగిపోవడానికి ఏడాది ముందే పక్కన ఒకరిని కూర్చోబెట్టి బ్యాంకు, కాస్క్ లెక్కలు, లీజు కాగితాలు చూపించే క్లబ్బులు ఉన్నాయి. ఏజీఎంలో, అంటే వార్షిక సర్వసభ్య సమావేశంలో, ఎవరైనా ముందుకొస్తారా అని హాలంతా నేల చూపులు చూసే ఐదు నిమిషాలు వాళ్లకి ఉండవు. సెక్రటరీ పనిలో రిజల్ట్స్, రిజిస్ట్రేషన్, డిసిప్లిన్ ఉత్తరాలు వేర్వేరు మనుషులకి పంచి, ఆఫీసు పనికి పక్కపక్క ఊళ్ల మూడు నాలుగు క్లబ్బులు కలిసి జీతమిచ్చి ఒక పార్ట్‌టైమ్ మనిషిని పెట్టుకోవడం కూడా కుదిరే పనే, ఒక్కో క్లబ్బుకి అయ్యే ఖర్చు ఫ్లై హాఫ్ చేతిలో పెట్టేదాని కన్నా ఎక్కువేం కాదు.